పెద్దల బొమ్మలకొలువు

బొమ్మ కనిపిస్తే చాలు, అది పిల్లల సరుకని మనకో గట్టి నమ్మకం. ఆమధ్య హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒక దుకాణం ముందు చూశాను. ‘మౌస్’ అనే పుస్తకాన్ని పంచతంత్రం రంగుల పుస్తకాల పక్కన, కుందేలూ తాబేలూ కథల మధ్య పేర్చారు. అట్ట మీద ఎలుకలున్నాయి కదా మరి! ఒకావిడ ఏడేళ్ల పిల్లకు కొనబోతుంటే, నాతో వచ్చిన మా వదినగారు ఆపి, “అమ్మా, అది హిట్లర్ కాలంలో యూదుల్ని చంపిన శిబిరాల కథ. పాపకి ఇప్పుడే వద్దు” అని నచ్చజెప్పారు. ఆవిడ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అయ్యో, మరి బొమ్మలెందుకు వేశారండీ?” అంది.

మంచి ప్రశ్నే. మా డాబా మీద నాలుగేళ్లుగా నలుగుతున్నదీ ఇంచుమించు అదే.

డాబా అంటే నాది కాదు లెండి, బ్యాంకాయనది. బెజవాడలో ఒకే వీధిలో పెరిగి, తలా ఒక దారిన తిరిగి, చివరికి హైదరాబాద్ చేరిన నలుగురం మేం. పేర్లు రాస్తే ఇళ్లల్లో తగాదాలొస్తాయి కాబట్టి వృత్తుల పేర్లే పెడతాను. బ్యాంకాయన పదవీ విరమణకు దగ్గర్లో ఉన్నాడు. బొమ్మలాయన మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, ఊళ్లోని ఒక యానిమేషన్ స్టూడియోలో పన్నెండేళ్లు పనిచేశాడు. అమెరికా ఆయన 1998లో వెళ్లి, ఇరవై ఏళ్లు టెక్సాస్‌లో ఉండి, 2019లో తిరిగొచ్చాడు. నేను బీమా కంపెనీ మనిషిని. ఐదో సభ్యురాలు బ్యాంకాయన భార్య. డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతారు. మా అందరికీ వదినగారు. నెలకో ఆదివారం సాయంత్రం, మిరపకాయ బజ్జీలు, టీ, ఆ మీదట వాదన. వాదన దేని గురించంటే బొమ్మల పుస్తకాలు, బొమ్మల సీరియళ్లు. యాభై అయిదేళ్లు దాటినవాళ్లు గొంతు చించుకుని కార్టూన్ల గురించి పోట్లాడుకుంటుంటే పక్క డాబా మీద బట్టలు తీసుకునే కోడలు పిల్ల నవ్వుకుంటూ దిగిపోయేది.

మొదలుపెట్టింది వదినగారే. క్లాసులో రెండో ప్రపంచయుద్ధం చెప్పడానికి పనికొస్తుందని ‘మౌస్’ తెచ్చుకున్నారు. ఆర్ట్ స్పీగెల్‌మన్ అనే అమెరికన్ చిత్రకారుడు, తన తండ్రి వ్లాదెక్ చెప్పిన సంగతులను టేపుల్లో రికార్డు చేసుకుని గీసిన పుస్తకం అది. తండ్రి పోలండ్ యూదుడు, ఆష్‌విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డవాడు. పుస్తకంలో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలండ్ వాళ్లు పందులు. మొదటి భాగం 1986లో, రెండోది 1991లో వచ్చాయి. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం ఇచ్చారు.

అంతవరకూ చరిత్రే. కానీ ఆ పుస్తకంలో సగం చరిత్ర కాదు, ఓ ముసలి తండ్రితో వేగలేక కొడుకు పడే అవస్థ. వ్లాదెక్ పరమ పిసినారి. సగం తినేసిన సరుకుల డబ్బాలు దుకాణానికి తిరిగి ఇచ్చి డబ్బులు అడుగుతాడు. వీధిలో పడివున్న టెలిఫోను తీగ ముక్క ఏరుకొస్తాడు. బల్ల ముందు కూర్చుని మందుబిళ్లలు లెక్కపెట్టుకుంటాడు. చచ్చిపోయిన తల్లి రాసుకున్న డైరీలను తండ్రి ఎప్పుడో తగలబెట్టేశాడని తెలిసినప్పుడు కొడుకు ఆయన్ని హంతకుడా అని తిడతాడు. తిట్టి, కాసేపటికి మామూలుగా మాట్లాడి, బయటికొచ్చి మళ్లీ అదే మాట గొణుక్కుంటాడు.

బ్యాంకాయనకు అప్పటిదాకా కార్టూన్లంటే చులకన. “పేపర్లో కార్టూన్ చాలదా, పుస్తకం కూడానా” అనే రకం. భార్య బలవంతం మీద చదివాడు. వచ్చే నెల డాబా మీద ఒకే ఒక్క మాట అన్నాడు: “ఒరే, ఆ ఎలుక మా నాన్నేరా.”

వాళ్లది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రాత్రి వాళ్ల ఇల్లు పోయింది, పశువులు పోయాయి, వీడికన్నా మూడేళ్లు పెద్దవాడైన అన్న పోయాడు. మిగిలిన ముగ్గురూ కట్టుబట్టలతో బెజవాడ వచ్చి మా వీధిలో అద్దెకు దిగారు. వాళ్ల నాన్నగారిని మేమందరం ఎరుగుదుం. పురికొసలు ఉండ చుట్టి దాచేవారు. వచ్చిన కవర్లను లోపలిది బయటికి తిప్పి మళ్లీ అంటించేవారు. బియ్యం బస్తా నేల మీద పెడితే ఒప్పుకునేవారు కాదు, అటక మీదే ఉండాలి. అగ్గిపెట్టెలు గాజుసీసాలో వేసి మూతకు మైనం పట్టించేవారు. మేం పిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్లం. వీడు కూడా మాతో కలిసి నవ్వేవాడు. ఆయన పోయే వరకూ ఆ రాత్రి గురించి కొడుకు అడిగింది లేదు, ఆయన చెప్పిందీ లేదు.

స్పీగెల్‌మన్‌కూ ఒక అన్న ఉండేవాడు. పేరు రిషూ. యుద్ధంలోనే చనిపోయాడు. ఇతను పుట్టిందే యుద్ధం తర్వాత. పుస్తకం చివరి పేజీలో, అలసిపోయిన తండ్రి మంచం మీద అటు తిరిగి పడుకుంటూ, ఇక చాలు, నిద్రొస్తోందంటూ కొడుకుని రిషూ అని పిలుస్తాడు. ఆ పేజీ దగ్గర బ్యాంకాయన పుస్తకం మూసేసి లోపలికెళ్లాడని వదినగారు చెప్పారు. వాళ్లమ్మగారికి ఇప్పుడు ఎనభై నాలుగు. నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు. ఆవిడ కూడా బ్యాంకాయనను చనిపోయిన అన్న అనుకుని ‘పెద్దోడా’ అంటుంది. వీడు ప్రతిసారీ “నేను చిన్నోణ్ణమ్మా” అని దిద్దుతాడు.

ఇదంతా మాటల్లో రాస్తే కుదరదా, బొమ్మలే ఎందుకు? దానికి బొమ్మలాయన సమాధానం ఉంది. ఫొటో తీస్తే అది ఫలానా మనిషి మొహం. రెండు చుక్కలు, ఓ గీత గీస్తే అది ఎవరి మొహమైనా కావచ్చు, చదివేవాడు తన వాళ్లను తెచ్చి అందులో కూర్చోబెట్టుకుంటాడు. స్కాట్ మెక్‌లౌడ్ అనే ఆయన 1993లో ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ అని బొమ్మల గురించి బొమ్మల్లోనే ఓ పుస్తకం వేశాడు. అందులో ఉన్న సంగతే ఇది. వ్లాదెక్ ఎలుక కాకుండా మనిషి మొహంతో ఉంటే, దివిసీమ రైతు అందులో ఇమిడేవాడు కాదని బొమ్మలాయన వాదం. నాకైతే నిజమే అనిపిస్తుంది.

2022 జనవరిలో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో మెక్‌మిన్ కౌంటీ స్కూలు బోర్డు ‘మౌస్’ను ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేసింది. కొన్ని బూతుమాటలూ, ఓ నగ్నంగా ఉన్న బొమ్మా ఉన్నాయట. అంత నరమేధం జరిగిన కథలో వాళ్ల కంటబడ్డవి అవి! ఆ గొడవతో పుస్తకం మళ్లీ జోరుగా అమ్ముడుపోయింది. మర్జానె సత్రపి గీసిన ‘పెర్సెపోలిస్’ కూడా మేం చదివాం. ఇరాన్ విప్లవం నాటి ఓ చిన్నపిల్ల కథ అది. అదీ బాగుంటుంది, కానీ మా డాబా మీద దాని గురించి పెద్దగా గొడవ జరగలేదు. అందరికీ నచ్చిన పుస్తకం వాదనకు పనికిరాదు.

అన్నట్టు, బొమ్మలు పిల్లలవేనని మనం ఎప్పుడు తీర్మానించుకున్నామో గానీ, మన తాతలకు ఆ సంగతి తెలియదు. తోలుబొమ్మలాట పిల్లల కోసం ఆడారా? తెల్లవార్లూ రామాయణం నడుస్తుంటే మధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చి చేసే మోటు హాస్యానికి ఊరి పెద్దలంతా పడిపడి నవ్వేవారు. ‘బుడుగు’నే తీసుకోండి. ముళ్లపూడి రాత, బాపు గీత. చెప్పేవాడు చిన్నపిల్లాడే, కానీ అందులో చీవాట్లన్నీ పెద్దలకే. “మనకు లేనిది ఆట కాదన్నయ్యగారూ, కూర్చుని చూసే ఓపిక” అంటారు వదినగారు.

ఇక సీరియళ్ల సంగతి. సిట్‌కామ్ అంటే తెలిసిందే, అదే ఇల్లు, అవే మొహాలు, వారం వారం కొత్త చిక్కు. దాన్ని బొమ్మల్లో తీసి రాత్రిపూట పెద్దల వేళకు వేయడం 1960లో ‘ఫ్లింట్‌స్టోన్స్’తో మొదలైంది. మన పిల్లలు కార్టూన్ నెట్‌వర్క్‌లో చూసిన ఆ రాతియుగం సంసారమే. మొదట్లో దాని స్పాన్సరు ఓ సిగరెట్ కంపెనీ. ఫ్రెడ్, బార్నీ ఇద్దరూ పెరట్లో చేరి సిగరెట్ కాల్చే ప్రకటనలు కూడా వచ్చాయి. పిల్లల కార్టూన్ అనుకునేవాళ్లకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు. అందులో 166 ఎపిసోడ్లు. ఆ లెక్కను 1997లో ‘సింప్సన్స్’ దాటేసింది. 1989 డిసెంబరులో విడిగా మొదలైన ఈ సీరియల్ ఇప్పటికి 750 ఎపిసోడ్లు దాటి ఇంకా నడుస్తోంది. కర్త మ్యాట్ గ్రోనింగ్ తన సొంత తల్లిదండ్రుల పేర్లూ చెల్లెళ్ల పేర్లే పాత్రలకు పెట్టేశాడు. అప్పుడు పదేళ్లున్న బార్ట్‌కు ఇప్పటికీ పదేళ్లే. అలాంటి వరం మనకు లేదు, మోకాళ్లు చెబుతున్నాయి.

నా ఓటు ‘సింప్సన్స్’కే. కారణం 1995లో వచ్చిన ఒకే ఒక్క ఎపిసోడ్. అణువిద్యుత్ కేంద్రంలో పని ఇష్టంలేని హోమర్ అది మానేసి, బౌలింగ్ ఆడించే చోట చిన్న ఉద్యోగంలో హాయిగా చేరతాడు. అంతలో మూడో పాప కడుపున పడుతుంది. ఆ జీతం చాలదు. పాత యజమాని కాళ్లావేళ్లా పడి మళ్లీ చేరతాడు. ఆ యజమాని వాడి సీటు ఎదురుగా, నువ్వు శాశ్వతంగా ఇక్కడే అని గుర్తుచేస్తూ ఓ పలక వేయిస్తాడు. హోమర్ ఆ పలక మీద పాప ఫొటోలు అక్కడక్కడా అంటిస్తాడు. మిగిలిన అక్షరాలు కలిపి చదివితే, ఈ పని ఆమె కోసం చెయ్యి అని వస్తుంది. అంతే కథ. ముప్పై ఏళ్లు ప్రీమియం లెక్కలు వేసిన నాకు ఇంతకంటే ఏం కావాలి?

బొమ్మలాయన ఓటు ‘సౌత్ పార్క్’కు. వదినగారు దాన్ని వాళ్లింట్లో పెట్టనివ్వరు. అన్నీ బూతులే. మీ ఇంట్లో కూడా పిల్లలు పడుకున్నాకే చూడండి. కానీ బొమ్మలాయన చూసేది బూతులు కాదు, పని. ఆ సీరియల్ తొలి ఎపిసోడ్‌ను రంగుకాగితం ముక్కలు కత్తిరించి, కదిపి కదిపి తీశారు. తర్వాత కంప్యూటర్లు వచ్చినా రూపం కాగితం ముక్కలదే. ఎపిసోడ్ మొత్తం ఆరు రోజుల్లో తయారు చేస్తారు. “ఈ వారం జరిగింది వచ్చే వారం తెర మీద! కేతిగాడు కూడా అంతే కదరా, ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి మునసబు మీద జోకు వేసేవాడు” అంటాడు.

ఆయన పన్నెండేళ్లు చేసిన పని ఏమిటో ఇక్కడ చెప్పాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడినా సెకనుకు పన్నెండు బొమ్మలు కావాలి. చెయ్యి ఎత్తడం మొదటి బొమ్మ, ఎత్తేసింది చివరి బొమ్మ. ముఖ్యమైన ఆ రెండూ అసలు చిత్రకారుడు వేస్తాడు. మధ్యలో ఉన్నవన్నీ వేరేవాళ్లు నింపాలి. ‘సింప్సన్స్’కు కథ, గొంతులు, ముఖ్యమైన బొమ్మలు లాస్ ఏంజలస్‌లో తయారైతే ఆ మధ్య బొమ్మలు దక్షిణ కొరియాలో వేశారు. 2010 అక్టోబరులో బ్యాంక్సీ అనే అజ్ఞాత చిత్రకారుడు ఆ సీరియల్ ప్రారంభ దృశ్యం తాను తయారుచేసి, చీకటి కార్ఖానాలో ఆసియా కూలీలు వరసగా కూర్చుని ఆ బొమ్మలే వేస్తున్నట్టు చూపించాడు. సీరియల్ వాళ్లు దాన్ని ప్రసారం చేశారు కూడా. బొమ్మలాయన ఇక్కడ చేసింది అదే మధ్య పని, ఎక్కడెక్కడి దేశాల పిల్లల సీరియళ్లకో. పెళ్లిచూపుల్లో కాబోయే మామగారు, “బొమ్మలు వేస్తావు సరే బాబూ, ఉద్యోగం ఏం చేస్తావు?” అన్నారట. ‘ఛోటా భీమ్’ పుట్టింది కూడా ఈ హైదరాబాద్‌లోనే, 2008లో. “పిల్లాడికి లడ్డూలు తినిపించమంటే తినిపిస్తాం. మా చేత ఓ యాభై ఏళ్ల గుమస్తాను గీయించినవాడు మాత్రం లేడు” అంటాడాయన. ఆ మాట అన్నప్పుడల్లా చేతివేళ్లు లాల్చీకి తుడుచుకుంటాడు, సుద్దముక్క అంటినట్టు.

అసలు పోట్లాట అమెరికా ఆయనతో వచ్చింది. ఆయన అభిమాన సీరియల్ ‘కింగ్ ఆఫ్ ది హిల్’. టెక్సాస్‌లో గ్యాస్ సిలిండర్లు అమ్మే హ్యాంక్ హిల్ అనే నిదానస్తుడి కథ. 1997 నుంచి 2010 దాకా వచ్చింది. 2025 ఆగస్టులో మళ్లీ కొత్త భాగాలు వచ్చాయి. హ్యాంక్‌కు తన కొడుకు బాబీ ఏమిటో అర్థం కాదు. వాడికి ఫుట్‌బాల్ వద్దు, జోకులు చెప్పి నవ్వించాలని కోరిక. పక్కింట్లోకి లావోస్ దేశం నుంచి వచ్చిన కాన్ దిగుతాడు. “లావోస్ వాణ్ణి” అని వాడు ఎంత చెప్పినా వీధి జనం “ఇంతకీ చైనానా, జపానా?” అనే అడుగుతారు. “మా వీధి అచ్చం ఇంతేరా, మొదటి రెండేళ్లూ నన్ను మెక్సికన్ అనుకున్నారు” అని నవ్వుతాడు మా వాడు.

‘సింప్సన్స్’లోని అపు అన్నా మా వాడికి అంతే ఇష్టం. చిల్లర దుకాణం నడిపే భారతీయుడు అపు, 1990 నుంచి ఆ సీరియల్‌లో ఉన్నాడు. సత్యజిత్ రాయ్ సినిమాల్లోని అపు పేరే వాడికి పెట్టారు. కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ ఉంది, శాకాహారి, ఎనిమిదిమంది పిల్లలు ఒకే కాన్పులో. ‘థాంక్యూ, కమ్ అగైన్’ అని యాసతో సాగదీస్తాడు. ఆ గొంతు హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడిది. మా వాడి బావగారు డల్లాస్ దగ్గర పెట్రోలు బంకూ, దాని పక్కన దుకాణమూ నడిపేవారు. రోజుకు పద్నాలుగు గంటలు. టీవీలో అపు రాగానే, “రండి రండి, బావగారొచ్చారు” అని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారట. మనవాడు టీవీలో కనిపించాడన్న సంబరం అది.

రెండేళ్ల కిందట సంక్రాంతికి వాళ్లబ్బాయి వచ్చాడు. పుట్టిందీ పెరిగిందీ టెక్సాస్‌లోనే. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. డాబా మీద మాతోనే కూర్చున్నాడు. వాళ్ల నాన్న అపు గొంతు అనుకరిస్తూ ఏదో చెబుతుంటే, పిల్లాడు టీ కప్పు కింద పెట్టాడు.

“అంకుల్, మీరందరూ పెద్దయ్యాక చూశారు. నేను ఆరో క్లాసులో చూశాను” అన్నాడు నాతో, వచ్చీరాని తెలుగులో. బస్సు దిగుతుంటే వెనకనుంచి ‘థాంక్యూ, కమ్ అగైన్’. ఫలహారం డబ్బా తెరిస్తే అదే. మాస్టారు హాజరు పిలిచి పేరు తప్పు పలికితే మళ్లీ అదే. తండ్రిని స్కూలు గేటు దాటి లోపలికి రావద్దన్నది కూడా ఆ ఏడాదేనట, ఆయన నోరు విప్పితే ఆ యాస వినిపిస్తుందని. మా వాడికి ఆ సంగతి ఇన్నేళ్లూ వేరేగా గుర్తుంది. పిల్లాడికి పొగరొచ్చిందనుకున్నాడు.

“మరి అప్పుడే నాకు చెప్పలేదేంరా?”

“నువ్వు నవ్వుతున్నావు కదా నాన్నా.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బజ్జీలు చల్లారిపోయాయి.

2017లో హరి కొండబోలు అనే హాస్యనటుడు ‘ది ప్రాబ్లం విత్ అపు’ అని ఓ డాక్యుమెంటరీ తీశాడు. న్యూయార్క్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టినవాడే. ‘సింప్సన్స్’ అంటే తనకు ప్రాణమంటూనే, అపు గొంతు వినిపించినప్పుడల్లా తన తల్లిదండ్రుల్ని ఎవరో వెక్కిరిస్తున్నట్టుందన్నాడు. మరుసటి ఏడాది ఏప్రిల్లో సీరియల్ వాళ్లు లీసా పాత్ర చేత, ఒకప్పుడు ఎవరికీ బాధ కలిగించనిది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అన్న ధోరణిలో ఓ మాట అనిపించి చేతులు దులుపుకోబోయారు. అది మరీ నచ్చలేదు జనానికి. చివరికి అజారియా 2020లో ఆ గొంతు ఇక ఇవ్వనన్నాడు, 2021లో క్షమాపణ కూడా చెప్పాడు.

ఆ అబ్బాయి వెళ్లిపోయాక మూడు నెలలు ఇదే చర్చ. బొమ్మలాయన మొహమాటం లేని మనిషి. “నీ కాన్‌కు గొంతు ఇచ్చింది కూడా తెల్లవాడేగా మొదట్లో” అని గుర్తు చేశాడు. నిజమే. కొత్త భాగాల్లో రోనీ చియాంగ్ ఇస్తున్నాడు. అయినా కాన్‌కూ అపుకూ తేడా ఉందని నేనంటాను. కాన్ దగ్గర మనం నవ్వేది అడిగేవాళ్ల తెలివితక్కువతనానికి. అపు దగ్గర నవ్వొచ్చేది చాలాసార్లు ఆ యాసకే. వదినగారు మాత్రం అపును తీసేస్తే బావగారి లాంటి వాళ్ల కథ తెర మీద ఎక్కడుంటుందని అడిగారు. అపును దేశం నుంచి పంపించేసే ముప్పు వచ్చిన 1996 నాటి ఎపిసోడ్ చూడమంటారావిడ. వలస వచ్చినవాడి భయం అందులో బాగానే పట్టుకున్నారని. ఇది తేలలేదు. అమెరికా ఆయన ఆ వాదనలో ఏ పక్షానా చేరలేదు. కొడుకుతో కలిసి ‘కింగ్ ఆఫ్ ది హిల్’ కొత్త భాగాలు చూస్తున్నాడిప్పుడు, వాడక్కడ వీడిక్కడ, ఫోన్లో ఒకేసారి మొదలుపెట్టి. బాబీకి అందులో ఇరవై దాటాయి, వంటవాడయ్యాడు.

మిగిలింది వదినగారి ఓటు. ‘బోజాక్ హార్స్‌మన్’. 2014 నుంచి 2020 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మనుషులూ జంతువులూ కలిసి కాపురముండే హాలీవుడ్‌లో, పాత టీవీ నటుడైన ఓ గుర్రం కథ. తాగుబోతు, స్వార్థపరుడు, ఒట్టి దిగులు మనిషి. మనిషి అనకూడదేమో. మొదటి రెండు మూడు ఎపిసోడ్లు చూసి మేం మగవాళ్లం పెదవి విరిచాం. ఆవిడ పట్టు వదల్లేదు. “నాలుగో సీజన్‌లో పదకొండోది ఒక్కటి చూడండి, తర్వాత తిట్టండి” అన్నారు.

పోయిన ఆగస్టులో ఓ ఆదివారం వాన. డాబా మీద కూర్చునే వీల్లేక కిందికి హాల్లోకి దిగాం. అమ్మగారిని కూడా చక్రాల కుర్చీలో తెచ్చి మా పక్కనే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

ఆ ఎపిసోడ్‌లో బోజాక్ తన తల్లిని కారులో వృద్ధుల ఆశ్రమానికి తీసుకెళ్తుంటాడు. ఆవిడకు మతిమరుపు. కథంతా ఆవిడ తలలోంచి కనిపిస్తుంది. చిన్నప్పటి ఇల్లు, తండ్రి ఆమె బొమ్మను మంటలో వేసిన రోజు, పెళ్లి, అన్నీ ఒకదాంట్లోంచి ఒకటి జారిపోతుంటాయి. గుర్తులేని మనుషులకు మొహాలుండవు, నున్నటి చర్మం అంతే. ఒక పనిమనిషి మొహం మీద మాత్రం గీతలు కొట్టేసి ఉంటాయి, గుర్తుపెట్టుకోవడం ఇష్టంలేక చెరిపేసినట్టు. బొమ్మలాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “ఇది కెమెరాతో తీయలేరురా” అన్నాడు మెల్లగా.

తల్లి బోజాక్‌ను చిన్నప్పుడు నరకయాతన పెట్టింది. ఆశ్రమంలో ఆ ఇరుకు గదిలో వదిలి వెళ్తున్నప్పుడు అన్న మాటలన్నీ అప్పజెప్పాలని వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ కొడుకుని గుర్తుపడుతుంది. నేనెక్కడున్నానని అడుగుతుంది. వాడు నిజం చెప్పడు. సరస్సు పక్కన నీ చిన్నప్పటి ఇంట్లో ఉన్నావమ్మా, వేసవి రాత్రి, అందరూ ఉన్నారు, ఐస్‌క్రీం తింటున్నావు అంటాడు.

బ్యాంకాయన వాళ్లమ్మగారు రోజూ సాయంత్రం ఇంటికి తీసుకెళ్లమని అడుగుతుంది. దివిసీమ ఇల్లు. “ఆ ఇల్లు ఉప్పెనలో పోయిందమ్మా” అని ఈయన చెప్పడం, ఆవిడ ఆ మాట మొదటిసారి విన్నట్టు ఏడవడం, రేపు మళ్లీ అడగడం. వదినగారు మాత్రం “రేపు పొద్దున్నే వెళ్దాం అత్తయ్యా, దూడకు గడ్డి వేయమని చెప్పొచ్చాను” అనేవారు. ఇద్దరికీ దీని మీద రోజూ గొడవే. అమ్మతో అబద్ధం ఎలా చెప్పనంటాడు. ముప్పై ఏళ్లు బ్యాంకులో లెక్క తప్పని మనిషి మరి.

ఎపిసోడ్ అయిపోయింది. టీవీ దానంతటదే తర్వాతి ఎపిసోడ్‌కు వెళ్లిపోయింది, ఎవరూ ఆపలేదు. తెర మీద లాస్ ఏంజలస్ ఎండలో బోజాక్ నిలబడి ఉన్నాడు. అమ్మగారు కుర్చీలోంచి కాస్త ముందుకు వంగి చూసింది.

“ఆ గుర్రం ఎవరి తాలూకురా పెద్దోడా?”

“మన తాలూకేనమ్మా” అన్నాడు బ్యాంకాయన.

“అయితే ఎండలో నిలబెట్టావేం? లోపలికి రమ్మను. మజ్జిగ ఇవ్వు.”